ముట్టుకోని రెక్క కోసం మూడు రోజులు

ఈ వేసవిలో పాలమూరు నేల మీద మూడు వందల ఊళ్లు తిరిగి ఒక ఫ్రెంచి విమానాన్ని వెతికాను. మూడు వందలు కాదు, మూడు. మూడో ఊళ్లో కూడా ఎక్కువసేపు అరుగు మీదే కూర్చున్నాను.

అది రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఫ్రాన్సులో ఒక వడ్రంగి తన కొట్టంలో చేసిన చిన్న విమానం. చెక్క చట్రం, దాని మీద బిగించిన బట్ట, ముందు మోటారు సైకిలుకు అన్నయ్యలాంటి ఇంజను. ఒక్కరే కూర్చోవాలి. రెక్క మనిషి తలకు పైన, ఎవరో గొడుగు పట్టినట్టు ఉంటుంది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టేన్ని చేసి ఆపేశాడు. దాని అసలు పేరు పలకడానికి నా కట్టుడు పళ్లు సహకరించవు కాబట్టి గొడుగు విమానం అంటాను.

నాకూ దానికీ ఏమిటి సంబంధమంటే, నేను విమానాల షెడ్డులో రెక్కలకు బట్ట తొడిగే పని చేసినవాణ్ణి. అప్పట్లో శిక్షణ విమానాలకూ, ఇంజను లేని గ్లైడర్లకూ బట్ట రెక్కలే. మా ముసలి మేస్త్రీ ఒకాయన, సంస్థానాల కాలంలో గొడుగు విమానం ఒకటి గద్వాల వైపు వచ్చిందనీ, చివరికి ఎక్కడో చేన్లో కూలిందనీ చెప్పేవాడు. నాకు తెలిసింది అంతే. కిందటేడు, పాత విమానాల పిచ్చివాళ్లు నడుపుకునే ఒక చిన్న పత్రికకు దీని గురించి రాస్తూ, "దాని రెక్కను ఈ చేతులతో ముట్టుకున్నాను, కళ్లు చెమర్చాయి" అని రాసి పంపాను. వ్యాసం అక్కడికి వచ్చేసరికి చప్పగా తోచింది. ఉప్పు వేశాను.

ఆ ఉప్పు ఫ్రాన్సు దాకా పోయింది. ఆ వడ్రంగి మనవరాలు ఒదిల్ అనే ఆవిడ, బడిపంతులమ్మగా రిటైరై, తాత చేసిన ప్రతి విమానం చివరికి ఏమైందో పుస్తకం రాస్తోంది. అన్నింటికీ ఆచూకీ దొరికింది, ఒక్కదానికి తప్ప. ఆవిడ నాకు ఈమెయిల్లో ఉత్తరం రాసింది: "నెలాఖరుకు పుస్తకం అచ్చుకు పోతుంది. ఫొటో ఉంటే పంపండి. లేకపోయినా ఫరవాలేదు, మీరు ముట్టుకున్నారు కదా, మీ మాటే వేస్తాను."

మీ మాటే వేస్తాను అన్నది చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. రెండు పూటలు. రెండో పూట పెసరట్టు తిన్నాను. ఇక రెండే దారులు. ఆ రెక్క ఎక్కడుందో కనిపెట్టి, ముట్టుకొని, అబద్ధాన్ని ఆలస్యంగానైనా నిజం చేయడం. లేదా ఒదిల్‌కు ఉన్నదున్నట్టు రాయడం. నాలాంటివాడికి మొదటిదే సులువు. సంచి సర్దాను.

గద్వాల

స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. మా ఇంటి దగ్గర మరమరాలంటే పిల్లల చేతికి కాగితం పొట్లంలో కట్టిచ్చే తిండి. ఇక్కడ వాటిని నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పొద్దున్నే మీసాలున్న పెద్దమనుషులు నిలబడి తింటారు. బజ్జీలు నేను ఆరు తిన్నాను. రెండు. రెండోదాని సగంలో నీళ్లడిగాను.

విమానం సంగతి కావాలంటే ఎవరైనా మెకానిక్కుల దగ్గరికి పోతారు. నేను బట్ట మనిషిని. రెక్క బట్ట చిరిగితే గద్వాలలో ఎవరి దగ్గరికి తెస్తారు? నేరుగా మగ్గాల వీధికి పోయాను. నాలుగో ఇంట్లో వెంకట్రాములు అనే ఆయన గుంటలో కాళ్లు పెట్టుకొని చీర నేస్తున్నాడు. నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండింటినీ పోగు పోగుకూ ముడేస్తూ కలుపుతారు. చూస్తుంటే నా మెడే నొప్పి పుట్టింది. ఆయన తల్లి నర్సమ్మ గోడకు ఆనుకొని కండెలు చుడుతోంది. ఎనభై దాటి ఉంటుంది.

విమానం రెక్కకు బట్ట నేసిన ఇల్లు ఇక్కడేమైనా ఉందా అని అడిగాను. ఊరికే అడిగితే మర్యాద ఉండదని, "ఆ రెక్కను నేను ముట్టుకున్నాను" అని కూడా చేర్చాను.

వెంకట్రాములు పోగు నడిపే నాడె ఆపాడు. "మా అమ్మనడుగున్రి సార్. గది మా ఇంట్ల పెద్ద పంచాయితి."

"పంచాయితేంది? నిజమే గది" అంది నర్సమ్మ. "మా మామ నేసిండు. దివాణం నుంచి మనిషొచ్చి, గింత చింపిరి గుడ్డ చూపెట్టి, గిసొంటిదే గట్టిగ నెయ్యి, అంచు వద్దు, కొంగు వద్దు అన్నడంట. అంచు లేని బట్ట మగ్గం మీదికెల్లి దించుతరా? గది పీనుగ మీద కప్పేది. మా మామ సరే సరే అనుకుంటనే, ఒక పక్కకు రెండు ఎర్రపోగులు పెట్టి నేసిండు."

"దివాణం వాళ్లు కనిపెట్టలేదా?"

"కనిపెట్టిన్రు. ఇదేందిరా అంటే, కొలతకు పెట్టిన దొరా అన్నడంట."

వెంకట్రాములు నవ్వాడు. "అంత తాత కథ సార్. కల్లు తాగినప్పుడల్ల జెప్పేటోడంట, విమానం నా రెండు పోగుల మీదనే ఎగిరింది అని. మా నాయిన ఎన్నడు నమ్మలే. కోతలు కోస్తడని నలుగుట్ల అన్నడు. గా మాట మీదనే తండ్రీకొడుకులు మాట్లాడుకోకుంట పోయిన్రు."

నర్సమ్మ చేతిలో రాట్నం ఆగింది. "నువ్వు ముట్టుకున్న అంటివి గద సారూ. ఎర్రపోగులు ఉన్నయా?"

నాకు బోలెడు జవాబులు తట్టాయి. సరిగ్గా చూడలేదు అనవచ్చు. పాతబడి రంగు పోయింది అనవచ్చు. "ఉన్నాయమ్మా" అన్నాను. "రెండు. ఒకదాని పక్కన ఒకటి."

ఆమె కొడుకు వైపు తిరిగి, "ఇన్నవారా?" అంది. అంతే. మళ్లీ రాట్నం తిప్పింది. కానీ నన్ను పోనివ్వలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పల్లీల కారం పెట్టించింది. రొట్టె విరిచి పులుసులో అద్దుకుంటుంటే ఆమె నా చేతివేళ్లే చూస్తోంది, ఈ వేళ్లేనా ముట్టుకున్నది అన్నట్టు. ఆ రోజు నేను ఆడిన అబద్ధాల్లో ఇదొక్కటే అక్కడికక్కడ వెనక్కి తీసుకోలేకపోయాను.

వనపర్తి

బస్సులో నిద్రపోయాను. కండక్టరు డిపో గేటు దగ్గర తట్టి లేపాడు. "కాకా, బస్సుకు గూడ నిద్రొస్తది, దిగు జర." ఎండలో వెనక్కి నడిచాను. ఐదు కిలోమీటర్లు. ఒకటి. అందులో సగం ఒక స్కూటరాయన వెనక కూర్చున్నాను.

చౌరస్తాలో రఫీ అనే ఆయన హోటల్లో చాయ్ తాగాను. పదిహేను రూపాయలు. మా వైపు చాయ్ అడిగితే చాయ్ ఇస్తారు. ఇక్కడ కూర్చోగానే ముందు నీళ్ల గ్లాసు, తర్వాత ఎవరి తాలూకు అన్న ప్రశ్న, ఆ తర్వాత చాయ్. నేను గొడుగు విమానం సంగతి ఎత్తాను. మా మేస్త్రీ, నర్సమ్మ ఇంటివాళ్లు తప్ప ఈ భూమ్మీద దీని గురించి విన్నవాడు ఇంకొకడు దొరికితే, నా అబద్ధానికి కాస్త నీడ దొరుకుతుందని ఆశ.

"తెల్వకుంట ఎట్లుంటది సార్?" అన్నాడు రఫీ. "పేపర్ల గూడ వచ్చింది." గల్లాపెట్టె అద్దం కింద నుంచి ఒక కత్తిరింపు తీసి చూపించాడు.

చదివాను. అది నా వ్యాసమే. ఎవరో తెలుగులోకి మార్చి, ఇంకాస్త ఉప్పేసి, జిల్లా పేజీలో వేశారు. అందులో నా పేరు లేదు. "వైమానిక దళ ఉన్నతాధికారి ఒకరు ఆ రెక్కను గుండెలకు హత్తుకొని వలవలా ఏడ్చారు" అని ఉంది. సాక్షి కోసం ఇంత దూరం వస్తే, ఆ సాక్షి నేనే.

"ఎవరండీ ఈ అధికారి?" అన్నాను, గొంతు సవరించుకొని.

"శానా పెద్దాయనంట. ఆరడుగులుంటడంట."

నేను ఐదడుగుల ఐదంగుళాలు. మూడంగుళాలు.

రఫీ కత్తిరింపును మళ్లీ అద్దం కిందికి తోశాడు. "గని సార్, ఆయన చెప్పింది ఝూట్."

"ఎందుకలా అంటున్నారు?"

"రెక్కబట్ట మా బామ్మర్ది ఊర్ల ఉంటది, కోడేరు దిక్కు. పీర్ల సందుగల. విమానం దట్టి అంటరు. గది ఎవ్వలు వడితే వాళ్లు ముట్టేది గాదు. మరి గాయన ఎట్ల ముట్టిండు? చెప్పున్రి." ఆరడుగుల అధికారి మీద అతనికి నిజంగానే కోపం ఉంది.

నాకు చాయ్ పొలమారింది. మొహర్రం నెలలో పీర్లను ఎత్తినప్పుడు, మొక్కు తీరినవాళ్లు పీరుకు కట్టే గుడ్డనే దట్టి అంటారు. పండుగ అయిపోయాక పీర్లనూ దట్టీలనూ ఒక సందుగ, అంటే పెట్టెలో పెట్టి దాచేస్తారు. విమానం బట్ట అందులోకి ఎలా పోయిందో రఫీకి తెలియదు. బామ్మర్ది పేరు ఖాజామియా అనీ, ఆ పీర్ల సేవ చూసే ముజావరు అనీ, రేపు పోతే ఇంట్లోనే ఉంటాడనీ చెప్పాడు.

"మీరేం పని జేస్తుండె సార్?" అని చివర్లో అడిగాడు.

"బట్టల పని."

"టైలరా?"

"అలాంటిదే" అన్నాను. చాలాకాలానికి ఒక ప్రశ్నకు ఉన్నదానికన్నా తక్కువ జవాబు చెప్పాను.

కోడేరు దిక్కు

గోపాల్‌పేట దాటాక వేరుశనగ తీసేసిన చేలు, అక్కడక్కడా మామిడి తోటలు. ఆటోలో ఏడుగురం, రెండు మేకలు. ఒక మేక నా చేతిరుమాలు తినేసింది. దాని యజమాని నన్నే కోప్పడ్డాడు, "జేబుల గట్ల పెట్టుకుంటరా, దానికి కడుపునొస్తే?" అని.

ఖాజామియాది చిన్న పెంకుటిల్లు. పక్కనే పీర్ల చావడి. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఆయన భార్య మస్తాన్‌బీ గడ్డిలో మాగేసిన మామిడిపండ్లు నాలుగు ముందు పెట్టింది. కత్తి ఇవ్వలేదు. మా ఇంట్లో మామిడిపండును ముక్కలు చేసి, ముక్కలకు ఫోర్కులు గుచ్చి ఇస్తారు. ఇక్కడ పిసికి, తొడిమ కొరికి, పీల్చాలి. చొక్కా పోయింది.

కథ మస్తాన్‌బీ చెప్పింది. "మా అత్త చిన్నగున్నప్పుడంట. గా విమానం ఇట్ల చెల్కల వడ్డది. నడిపేటోడు లేసి, దుమ్ము దులుపుకొని, మంచినీళ్లు అడిగిండంట. గంతే, గీరుకు గూడ పోలే. మోటరు ఎవలో గుంజుకపోయిన్రు, కట్టెలు పొయ్యిలకు వోయినయి. బట్ట మాత్రం పీరుకు కట్టిన్రు. ఆకాశం నుంచి వడ్డోడు బతికిండు గదా. ఆయనకు మొక్కుడు తెల్వదు, ఊరే ఆయన పేరు మీద మొక్కు తీర్చింది."

బాగుంది. కానీ నేను కథలకు పడే మనిషిని కాదు, కథలు చెప్పేవాణ్ణి. ఆ బట్ట ఏ గుడారానిదో, ఏ బండి మీద కప్పినదో కావచ్చు. "చూడ్డానికి ఎలా ఉంటుందమ్మా?" అన్నాను.

"పాపడం లెక్క బిర్రుగ ఉంటది. ముట్టుకుంటే టపటప అంటది. ఇప్పుడైతే వాసన లేదు గని, కొత్తల అరటిపండు వాసన కొట్టేదంట. మా అత్త చెప్పేది, పిల్లలందరు పోయి వాసన జూసేటోళ్లట."

చేతిలో మామిడిటెంక జారిపోయింది. విమానం రెక్కకు బట్ట తొడిగాక, అది బిగుసుకోవడానికి ఒక రకం వార్నిషు పూస్తారు. దానికి మాగిన అరటిపండు వాసన. షెడ్డులో పనిచేసినవాళ్లకు తప్ప ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు. నా వ్యాసంలో లేదు, పేపరు కత్తిరింపులో లేదు. నేను నలభై ఏళ్లు ఆ వాసనలో బతికాను. పదకొండేళ్లు. మిగతావి స్టోర్సులో. అయినా అది చాలు. ఈ ఊరి పెట్టెలో ఉన్నది విమానం రెక్కే.

ఎర్రపోగులున్నాయా అని అడిగాను. "ఏమో పెద్దాయనా, ఎన్నో దట్టీల కింద ఉంటది. అంచులెవలు జూస్తరు?"

చావడి తలుపు సందులోంచి పెట్టె కనిపించింది. ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. నాకూ దానికీ నడుమ నాలుగు బారలు. ఒక్కసారి ముట్టుకుంటే ఒదిల్ నమ్మిన మాట నిజం, నర్సమ్మతో అన్నది కూడా నిజం కావచ్చు.

"ఒకసారి తెరుస్తారా?" అన్నాను.

ఖాజామియా తల అడ్డంగా ఊపాడు. "సందుగ మొహర్రం చంద్రుడు కనవడ్డంకనే తెరుస్తరు సాబ్. తెరిచేది గూడ నేను గాదు, ఊరు. తాళం నా దగ్గర, చెవి సాయిలు దగ్గర. మా తాతల నుంచి గట్లనే."

మొహర్రానికి ఇంకా నెల పైన ఉంది. పుస్తకం నెలాఖరుకే అచ్చుకు పోతుంది. అప్పుడు నేను ఏం చేశానో రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది, కానీ రాస్తాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాను. "నాకు గుండె జబ్బు ఖాజామియా. మూడు ఆపరేషన్లు అయ్యాయి. మొహర్రం దాకా ఉంటానో లేదో. ఆ దట్టిని ఒకసారి ముట్టుకొని పోదామని వచ్చాను."

నాకు జరిగిన ఆపరేషను కంటిపొరకు. ఒక కంటికే.

మస్తాన్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఖాజామియా లేచి వెళ్లి సాయిలును పిలుచుకొచ్చాడు. ఆయన నా వయసువాడే. గొర్రెల కాపరి. భుజాన గొంగడి, మొలతాడుకు తాళంచెవి. వెంట ఇంకో నలుగురు పెద్దమనుషులు వచ్చారు. అరుగు కింద గొంతుక్కూర్చొని, నేను లేనట్టే నా గురించి మాట్లాడుకున్నారు.

"నెల గాని నెలల తెరుస్తే ఊరికి మంచిది గాదు" అన్నాడొకాయన.

"సచ్చే మనిషి గదనే. పీరుకు తెల్వదా?" అన్నాడు ఇంకొకాయన.

సాయిలు చాలాసేపు నేల మీద పుల్లతో గీశాడు. "మా నాయిన పానం బోయేటప్పుడు, ఒక్కపారి పీరును జూస్త అన్నడు. తెరువలే. నెల గాదని చెప్పిన. నేనే చెప్పిన." పుల్ల పడేసి లేచాడు. "ఈయన దూరం నుంచి వచ్చిండు. తెరుద్దం. పాపం తాకితే నాకు తాకనీ." మొలతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి బిగుసుకుపోయింది, రావడం లేదు.

ముడి వచ్చేలోపు చెప్పెయ్యాలి. వచ్చాక చెప్పలేనని నాకు తెలుసు.

"సాయిలూ, ఆగు" అన్నాను. "నా గుండె బాగానే ఉంది."

అందరూ నా వైపు చూశారు.

"ఆపరేషను కంటికి. నేను అబద్ధం చెప్పాను. పేపర్లో పడ్డ ఆరడుగుల ఆఫీసరు కూడా నేనే. ఆ రెక్కను నేను ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకున్నానని రాసుకున్నాను. అది నిజం చేసుకుందామని వచ్చాను."

కొట్టినా పడదామనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. సాయిలు చెవిని మళ్లీ మొలలో దోపుకొని, నా ముఖంలోకి చూసి, "మా నాయినకు లేదన్నది నీకు ఇస్తుంటినిరా ముసలోడా" అన్నాడు. అరవలేదు. గొంగడి సర్దుకొని గొర్రెల వైపు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఖాజామియా గోడ వైపు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

మస్తాన్‌బీ ఒక్కతే నా ముందు నుంచి మామిడి తొక్కలు ఎత్తింది. "మొహర్రంకు రా పెద్దాయనా" అంది. "గప్పటిదాంక సావకుంటే."

గోడ వైపు తిరిగిన ఖాజామియా భుజాలు కదిలాయి. నవ్వాడో దగ్గాడో చెప్పలేను.

నాగర్‌కర్నూల్

లాడ్జి గది ఆరు వందలు. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. ముందు గద్వాలకు ఫోను చేశాను. వెంకట్రాములు ఫోనును తల్లికిచ్చాడు. ఎర్రపోగులు నేను చూడలేదనీ, బట్టనే చూడలేదనీ, కానీ అది ఎక్కడుందో ఇప్పుడు తెలుసనీ చెప్పాను.

నర్సమ్మ అంది, "లేవని గూడ చూడలే గదా నువ్వు?"

"చూడలేదమ్మా."

"అయితే మేమే బోతం మొహర్రంకు. నువ్వు జూసి చెప్తే నమ్మేది లేదు ఇగ. ఊరి పేరు జెప్పు." చెప్పాను. పక్కన వెంకట్రాములు, "నాయిన ఉంటే నవ్వుతుండె" అనడం వినపడింది.

ఒదిల్‌కు పెద్ద ఉత్తరం రాయాలని కూర్చున్నాను. నాలుగు పేజీలు రాశాను. నాలుగు వాక్యాలు. నేను ముట్టుకోలేదు. ఫొటో లేదు. ఒక ఊరి పీర్ల పెట్టెలో ఉందని, కొత్తలో అరటిపండు వాసన వచ్చేదని చెబుతున్నారు. తెరవమని అబద్ధమాడి, తెరవబోతుంటే వద్దని వచ్చేశాను.

జవాబు నాలుగో రోజుకు వచ్చింది, ఇంటికి చేరాక. "మా తాత ఈ విమానంలో సముద్రం దాటానని చెప్పేవాడు" అని రాసింది. "తర్వాత మా నానమ్మ చెప్పింది, అది చెరువు అని. మీ వాక్యాలు అలాగే వేస్తున్నాను."

పుస్తకం నిన్న వచ్చింది, మొహర్రం చంద్రుడు కనబడకముందే. ఆ పేజీలో ఫొటో ఉండాల్సిన చోట తెల్లగా వదిలారు. కింద నా నాలుగు వాక్యాలు ఫ్రెంచిలో. వాటి కింద నా పేరు, పేరు పక్కన, నేను ఆ పత్రిక వ్యాసం చివర రాసుకున్నట్టే, "విశ్రాంత చీఫ్ ఇంజనీరు" అని ఉంది.

అదొక్కటి ఒప్పుకోవడం మరిచిపోయాను.